తగిలించింది ఆయన, మొహమాటపడింది నేను

2024 ఆగస్టు 16, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. పొద్దున్నే ఆరు గంటలకు మా ఆవిడ తామరపూలు, అరటి పిలకలు తెమ్మని తరిమితే సంచీ పట్టుకుని కిందికి దిగాను. బెంగళూరులో ఈ పండగ ముందురోజు పూలు కొనిపెట్టుకోకుండా ఆరోజు పొద్దున కొనబోతే ఏమవుతుందో కొన్నవాళ్ళకే తెలుసు. ఆ లెక్కలు వేసుకుంటూ కారు తలుపు తీయబోయి ఆగిపోయాను. కుడివైపు వెనక తలుపు మధ్య నుంచి వెనక చక్రం పైదాకా, జానెడున్నర పొడుగున ఒక తెల్లటి చార.

నాది ఎర్ర స్విఫ్ట్. ఏ గోడ సున్నమో అంటుకుందేమోనని ముందు ఆశపడ్డాను. బొటనవేలు తడి చేసి రుద్దితే కొంచెం పోయింది. మిగిలినదాని మీద గోరు అడ్డంగా గీస్తే టక్కున ఆగింది. కారు రంగు పొరలు పొరలుగా ఉంటుంది. అన్నిటికన్నా పైన అద్దంలాంటి పొర ఒకటుంటుంది, గీత దాంట్లోనే ఉంటే పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుందంటే గీత ఆ పొరని దాటి దిగినట్టే, రంగు కొట్టించక తప్పదు. చక్రం పైన నిమ్మకాయ పట్టేంత సొట్ట కూడా ఉంది.

నా కుడిపక్కన ఉండేది ఎదురు ఫ్లాట్ ఆయన తెల్ల స్కార్పియో ఎన్. ఇక డిటెక్టివ్ పనేముంది? అయినా చేశాను. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు కడిగే కుర్రాడు పావగడ వైపు వాడు. కర్ణాటకే అయినా వాళ్ళ ఇంట్లో తెలుగే. బకెట్ పట్టుకుని నా వెనకే వచ్చి నిలబడ్డాడు. "నిన్న పొద్దున లేదు సార్ ఇది" అన్నాడు. తర్వాత ఏమీ అనకుండా చేతిలో గుడ్డతో స్కార్పియో ముందు బంపరు ఎడమ మూల చూపించాడు. అక్కడ ఎర్రటి మరక. "నేనిప్పుడు దాన్ని కడగాల. తుడిస్తే పోతాది. తుడిచేదా, వద్దా?"

రెండు నిమిషాలాగమని, పైకెళ్ళి మా ఆవిడ కుట్టుమిషన్ డబ్బాలోంచి టేపు తెచ్చాను. నా కారు మీద చార నేలనుంచి 61 సెంటీమీటర్లు. ఆయన బంపరు మీద మరక కూడా 61. టేపు కనపడేట్టు రెండు ఫొటోలు తీసుకుని, ఇక తుడుచుకోమన్నాను. వాడికి ఆయన దగ్గరా నెలకి ఐదొందలే, నా దగ్గరా ఐదొందలే. వాడిని సాక్ష్యానికి లాగనని అప్పుడే మాటిచ్చాను.

అదెలా జరిగిందో కూడా ఇట్టే అర్థమైంది. ఇద్దరం ముక్కు లోపలికి పెట్టి ఆపుతాం. రివర్స్‌లో బయటికి వచ్చేటప్పుడు బండి పూర్తిగా రాకముందే స్టీరింగ్ తిప్పితే వెనక భాగం ఒకవైపు పోతుంది, ముందు భాగం రెండోవైపు ఊగుతుంది. ఆ ఊగిన మూల నా వెనక తలుపుకి తగిలి, అలాగే గీరుకుంటూ పోయింది. లోపల కూర్చున్నవాళ్ళకి తెలియకుండా ఉండే దెబ్బ కాదది.

ఇంత తెలిసింది కదా, ఆ సాయంత్రం ఏం చేశానో చెప్తా వినండి. పేరంటానికి ఎదురు ఫ్లాట్ ఆవిడ వచ్చారు. మా ఆవిడ పసుపు రాసి, బొట్టు పెట్టి, శనగలు, తాంబూలం, జాకెట్టు ముక్క ఇచ్చింది. మేం అనంతపురం వాళ్ళం, ఓళిగ అంటాం. వాళ్ళు నెల్లూరు వాళ్ళు, బొబ్బట్టు అంటారు. "అమ్మాయ్, బొబ్బట్లు భలే కుదిరాయి" అని ఆవిడ రెండు కట్టించుకున్నారు. ఆవిడని పిలవడానికి ఆయనే గుమ్మం దాకా వచ్చి, "ఏం బాబూ, ఏంటి విశేషాలు?" అన్నారు.

"ఏం లేదు సార్" అన్నాను.

ఆ మూడు మాటల కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా అవ్వ ఒక సామెత చెప్పేది, మొహమాటానికి పోతే ఏదో అయిందని. ఆ 'ఏదో' ఏంటో ఇక్కడ రాయడానికి కూడా నాకు మొహమాటంగా ఉంది, తెలిసినవాళ్ళకి తెలుసు. చిత్రమేంటంటే మొహమాటాన్ని కన్నడంలో దాక్షిణ్య అంటారు, సామెత మాత్రం దాదాపు ఇదే. రెండు భాషల అవ్వలూ ఇంత గట్టిగా హెచ్చరించినా రెండు భాషల మనవళ్ళమూ నేర్చుకోలేదు.

బయటి ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళకి ఇది ఇంకో పాలు ఎక్కువ. కుందలహళ్ళి, మారతహళ్ళి, మున్నేకొళాల చుట్టుపక్కల సందుకో ఆంధ్రా మెస్సు, సందు చివర ఒక కర్రీ పాయింట్. ఇక్కడ తెలుగు రాకపోతేనే ఇబ్బంది. అయినా ఎదురింట్లో తెలుగువాళ్ళు దిగారంటే "మనవాళ్ళే" అని ఒక ధైర్యం. పాలు పొంగించిన రోజు వాళ్ళే వస్తారు, జ్వరమొస్తే చారన్నం వాళ్ళింట్లోంచే వస్తుంది. ఆ "మనవాళ్ళే" అన్న మాట ఒకసారి పడ్డాక, ఇక బిల్లు అడగడానికి నోరు రాదు. అదే ఆ స్కార్పియో ఎవరో తెలియని మనిషిది అయ్యుంటే అదే పొద్దున తలుపు కొట్టేవాణ్ణి. నాలుగు బొబ్బట్లు అటూ ఇటూ నడిచినందుకు పదకొండు వేల నాలుగు వందలు మింగి కూర్చున్నాను.

అవును, 11,400. శనివారం టింకరింగ్, పెయింటింగ్ చేసే చోట చూపిస్తే ఇచ్చిన ఎస్టిమేట్ అది. తలుపు ఒక ప్యానెల్, దాని వెనక ఇంకో ప్యానెల్, సొట్ట తీయడం.

స్నేహితులందరిదీ ఒకటే మాట: ఇన్సూరెన్సులో పెట్టేయ్, గొడవెందుకు? ఈ సలహా ఇచ్చేవాళ్ళెవరూ లెక్క వేసి చెప్పరు కాబట్టి నేను వేశాను. క్లెయిమ్ లేని ఒక ఏడాదికి సొంత డ్యామేజీ ప్రీమియం (మన బండి దెబ్బలకి కట్టే భాగం) మీద 20 శాతం తగ్గింపు, రెండేళ్ళకి 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, ఐదేళ్ళకి 50. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. నేను కారు కొన్నది 2020 అక్టోబరులో. అప్పటికి 35లో ఉన్నాను, ఇంకో రెండు నెలలు ఓపిక పడితే 45కి పోతాను, తర్వాత ప్రతి ఏడాదీ 50. ఇప్పుడు ఒక్క క్లెయిమ్ పెడితే మళ్ళీ సున్నా. ఆపైన 20, 25, 35, 45 మెట్లు మొదట్నుంచీ ఎక్కాలి. ఐదేళ్ళ తేడాలు వరసగా 45, 30, 25, 15, 5. మొత్తం 120 శాతం. బోనస్ తీయకముందు నా సొంత డ్యామేజీ ప్రీమియం 8,000. అంటే నేను పోగొట్టుకునేది 9,600. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి ఓ వెయ్యి అటూ ఇటూ అనుకోండి.

ఇక చేతికొచ్చేది ఎంత? 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిములో వెయ్యి రూపాయలు మనం కట్టుకోవాల్సిందే. తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవర్ తీసుకోలేదు కాబట్టి రంగు మెటీరియల్ ఖర్చులో సగం తరుగుదల కింద పోతుంది. అన్నీ పోను తొమ్మిది వేల చిల్లర వస్తుంది. తొమ్మిది వేల చిల్లర తీసుకుని 9,600 వదులుకోవడానికి సర్వేయర్‌కి ఫోన్లు చేసి, రెండు రోజులు కారు లేకుండా తిరగాలి. పైగా ఇందులో ఇంకో సంగతి ఉంది: నా ఇన్సూరెన్సులో పెట్టడమంటే ఆయన కొట్టిన దెబ్బకి నేను ఐదేళ్ళపాటు వాయిదాల్లో డబ్బు కట్టడం. దాన్ని గొడవ లేకపోవడం అని ఎలా అంటాం?

మరి ఆయన పాలసీ? ప్రైవేటు కారు థర్డ్ పార్టీ భాగంలో అవతలివాళ్ళ ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా కవర్ ఉంటుంది. వినడానికి బాగుంది. కాని ఆయన ఒప్పుకోకపోతే అది రాబట్టడానికి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ దాకా పోవాలి. పదకొండు వేల కోసం ఎవరు పోతారు?

అనంతపురంలో వకీలుగా ఉన్న చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసి, పోలీసు కంప్లయింట్ ఇవ్వచ్చా అని అడిగాను. వాడు నవ్వాడు. ఇతరుల ఆస్తికి నష్టం చేయడం నేరమే. 1860 నాటి పాత శిక్షాస్మృతిలో నష్టం యాభై రూపాయలు దాటితే చాలు, రెండేళ్ళ దాకా జైలు రాసి ఉండేది. అదే 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ అయింది, ఆ రెండేళ్ళ శిక్షకి మెట్టు ఇరవై వేలకి పెరిగింది. "నీ పదకొండు వేలకి ఆరు నెలలే రా" అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు. ఆ సెక్షన్ పడాలంటే కావాలని చేసుండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసీ చేసుండాలి. రివర్స్‌లో చూసుకోక తగిలించడం ఆ నేరం కాదు. నష్టపరిహారం అడగడం నీ హక్కే, కాని దానికి దారి సివిల్ కోర్టు. "ముందు ఆయన్ని అడిగావా?" అన్నాడు చివర్లో. లేదన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు.

నిజానికి నేను ఒకరకంగా అడిగాననే అనుకున్నాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గీత ఫొటో పెట్టి, "ఎవరో నా కారుకి తగిలించారు. దయచేసి జాగ్రత్తగా ఉండండి" అని రాశాను. ఆ 'ఎవరో' అన్న మాటలో ఎంత పిరికితనం ఉందో ఇప్పుడు కనపడుతోంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడన్నది మన సామెత. కాని వాట్సాప్‌లో ఎవరి భుజాలు ఎవరికి కనిపిస్తాయి? నాలుగు దండాల బొమ్మలు, రెండు ఏడుపు మొహాలు, "సో సాడ్" ఒకటి. తర్వాత ఎవరో కావేరీ నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగారు, అంతే, నా గీత పైకి కొట్టుకుపోయింది. ఎదురు ఫ్లాట్ ఆయన కూడా దండం బొమ్మే పెట్టారు. దాన్ని చూసి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

గ్రూపులో పెట్టడం కన్నా అసలు పెట్టకపోవడమే నయమని ఇప్పుడంటాను. ఒక మనిషితో చెప్పాల్సిన మాట ఇరవై నాలుగు ఫ్లాట్లకి చెప్పి, ఆ ఒక్క మనిషికి మాత్రం చెప్పకుండా తప్పించుకున్నాను. ఆయనకీ అదే వీలైంది.

తర్వాత మూడు వారాలు నేనెలా తయారయ్యానో చెప్పుకోవడం కష్టం. లిఫ్టులో ఆయన ఉంటే ఫోన్ తీసి చెవిలో పెట్టుకునేవాణ్ణి. కారు కావాలని పార్కింగ్ గీత మీద ఆపేవాణ్ణి. ఆయన ఇంటి ముందు చెప్పుల స్టాండు మా వైపు నాలుగంగుళాలు జరిగి ఉందని రెండేళ్ళ తర్వాత కనిపెట్టాను. ఒకరోజు రాత్రి పదకొండున్నరకి ఆఫీసు కాల్ ముగించి కిందికి దిగి, ఆయన బండి వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాను. వాల్వు మూత సగం తిప్పాను కూడా. నాకు ముప్ఫై ఏడేళ్ళు, ఒక కూతురు, నా కింద పనిచేసేవాళ్ళు తొమ్మిది మంది. వెనక నుంచి వాచ్‌మన్ టార్చి వేసి, "సాబ్, కుఛ్ గిరా క్యా?" అన్నాడు. "చాబీ" అన్నాను. పాపం వాడు నాతోపాటు వంగి ఐదు నిమిషాలు లేని తాళంచెవి వెతికాడు.

ఊరుకున్నంత ఉత్తమం లేదని మనవాళ్ళు అంటారు. నేను ఊరుకోలేదు, నోరు మూసుకున్నానంతే. ఆ రెండింటికీ ఎంత దూరం ఉందో ఆ టైరు పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది. నిజంగా ఊరుకోగలిగినవాళ్ళు ఉంటారు, మా మామగారు అలాంటి మనిషి. గీత చూసి, "పోనీలే నాయనా" అని కాఫీ తాగేస్తారు, మర్నాటికి గుర్తుండదు. అలాంటివాళ్ళకి నా వ్యాసంతో పనిలేదు. మనం ఎక్కువమందిమి ఆ రకం కాదు. పైకి పోనీలే అంటాం, లోపల వడ్డీ కడుతూ పోతాం.

"బెంగళూరులో గీత లేని కారుంటుందా?" అనే వాదన కూడా చాలాసార్లు విన్నాను. కోటి దాటిన వాహనాలున్న ఊరు, నిజమే. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎవడో బైకువాడు అద్దానికి హ్యాండిల్ తగిలించి పోతే నేనూ ఊరుకుంటాను. వాడు మళ్ళీ కనపడడు. రేపు పొద్దున వాడికి గుడ్ మార్నింగ్ చెప్పక్కర్లేదు, వాడి కూతురూ నా కూతురూ కలిసి స్కూల్ బస్సు ఎక్కరు. పక్కింటివాళ్ళతో రోజూ బతకాలి కాబట్టి అడగకూడదంటారు. నేను దాన్ని తిరగేసి చెప్తున్నాను. రోజూ బతకాలి కాబట్టే అడగాలి.

కాని ఎలా అడగకూడదో నేనే చేసి చూపించాను. సెప్టెంబరు 7, వినాయక చవితి. మా అసోసియేషన్ వాళ్ళు కింద పార్కింగ్‌లోనే పందిరి వేస్తారు, అందుకని కార్లన్నీ వీధిలోకి తీయాలి. ఆయన స్కార్పియో తీస్తూ మళ్ళీ అలాగే, సగం రాకముందే స్టీరింగ్ తిప్పారు. ఈసారి నా కారు అక్కడ లేదు, పందిరి గుంజ ఉంది. గుంజ ఊగింది. నేను అరిచాను. ఏం అరిచానో రాయను గాని, వినాయకుడి ముందు, ప్రసాదాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళ ముందు, మూడు వారాల మాటలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి.

ఆయనేం తక్కువ తినలేదు. "ముందు నీ బండి నంబరు మార్పించుకో బాబూ. రెండేళ్ళుగా ఏపీ 39తో తిరుగుతున్నావు, నేనేమన్నా అన్నానా?" అన్నారు. దెబ్బ సరిగ్గా తగిలింది. కోవిడ్ రోజుల్లో ఊళ్ళో ఉండగా కొన్న కారు, 2022లో ఇక్కడికి తెచ్చాను. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్ళీ ట్యాక్స్ కట్టాలి. చేద్దాం చేద్దాం అని నెట్టుకొస్తున్నాను. ఆయన గీతకీ నా నంబరుకీ సంబంధం లేదు. కాని అంతమంది ముందు అరిచినవాడికి అంతమంది ముందే జవాబొస్తుంది. అక్కడ ఎవరు ఏది ముందు చేశారన్నది ఎవరికీ పట్టదు. సెక్రటరీగారు మైసూరు మనిషి, చాలా మెత్తన. నా భుజం మీద చెయ్యి వేసి, "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి సార్" అన్నారు. ఆయనకి అనలేదు ఆ మాట, నాకన్నారు. గమనించారా, ఎప్పుడూ నష్టపోయినవాడినే అడ్జస్ట్ చేసుకోమంటారు. ఎందుకంటే చప్పుడు చేస్తున్నది వాడు. తగిలించినవాడు నిశ్శబ్దంగా ఉంటాడు, నిశ్శబ్దంగా ఉన్నవాడు మంచివాడిలా కనిపిస్తాడు.

సీసీటీవీ చూద్దామని ఆరోజు ఎవరో అన్నారు. మా డీవీఆర్‌లో పదిహేను రోజులే ఉంటుంది, తర్వాత పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. అడిగి ఉండాల్సిన రోజుల్లో నేను గ్రూపులో ఏడుపు బొమ్మలు లెక్కపెట్టుకుంటున్నాను.

మర్నాడు ఆదివారం పొద్దున పదింటికి, ఎస్టిమేట్ కాగితం, ఫోన్లో ఆ రెండు ఫొటోలు పట్టుకుని ఆయన గుమ్మం ముందు నిలబడ్డాను. బెల్లు నొక్కేలోపు రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆయనే తీశారు. లుంగీ మీద ఉన్నారు.

"నిన్న అందరి ముందు అలా అరవకూడదు సార్, అది నా తప్పు. కాని ఇది చూడండి."

ఫొటోలు చూశారు. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూశారు. టేపు అంకె దగ్గర ఆగారు. నేను సిద్ధం చేసుకుని వెళ్ళిన వాదనలేవీ అక్కర్లేకపోయింది. "తగిలిందని తెలుసు బాబూ" అన్నారు. "ఆగస్టు పదిహేను రాత్రి. ఎయిర్‌పోర్టుకి తొందరలో ఉన్నా. నువ్వు అడుగుతావు, అప్పుడు చూద్దామనుకున్నా. మర్నాడు మీ గుమ్మంలోకొచ్చి మరీ ఏంటి విశేషాలని అడిగాను కదా? ఏం లేదన్నావు. సరే, పోనీలే అనుకున్నాడు కాబోలు అనుకున్నా."

ఆ మాట నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. తగిలించినవాడే ముందు చెప్పాలి. చీటీ రాసి వైపరు కింద పెట్టడానికి ఎయిర్‌పోర్టు తొందర అడ్డం రాదు. మనం చేసిన తప్పుని అవతలివాడు నోరు తెరిచి ఎత్తి చూపేదాకా దాచిపెట్టుకుని, వాడు మొహమాటపడితే దాన్ని క్షమించడం కింద జమకట్టుకోవడం పెద్దమనిషితనం కాదు. ఆయనకి ఆ మాట మెత్తగానే చెప్పాను. కాని సగం నిజం అందులో ఉంది. నా మౌనానికి నేను కోపం అని పేరు పెట్టుకున్నాను, ఆయన దాన్ని పోనీలే అని చదువుకున్నారు. చదవడానికి నేను ఇంకేమీ రాసివ్వలేదు మరి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నెల్లూరు పెద్దాయన పెడతాడని ఎలా అనుకున్నాను?

డబ్బు అడగడం అంటే బంధం తెంచుకోవడమని మనకి ఒక భయం. నా అనుభవం వేరే. అంకె చెప్పగానే గొడవకి ఒక హద్దు దొరికింది. అంతకుముందు అది ఆయన పొగరు గురించి, నా పౌరుషం గురించి, చెప్పుల స్టాండు గురించి. 11,400 అన్నాక అది 11,400 గురించి మాత్రమే. ఆయన ఎస్టిమేట్ చదివి, సొట్టకి ఇంత తీసుకుంటున్నాడా, నాకు తెలిసినవాడు హూడిలో ఉన్నాడు, తక్కువకి చేస్తాడన్నారు. బేరం మొదలైందంటే మనుషులం మామూలు అయినట్టే. లోపల్నుంచి ఆవిడ కాఫీ తెచ్చారు.

కాఫీ తర్వాత ఆయనే అన్నారు, కిందికి పోయి ఆ స్థలం ఒకసారి కొలుద్దామని. రిటైర్ కాబోతున్న సివిల్ ఇంజనీరు, స్టీలు టేపు ఇంట్లోనే ఉంది. ఇద్దరం ఆదివారం పూట పిల్లర్ నుంచి పిల్లర్‌కి పట్టాం. 4 మీటర్ల 72 సెంటీమీటర్లు. ఇందులో రెండు కార్లు. స్విఫ్ట్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు, స్కార్పియో ఎన్ 1,917. అద్దాలు కలపకుండా. రెండూ పోగా మిగిలేది మీటరు మీద ఏడు సెంటీమీటర్లు. మూడు సందులకి పంచితే తలా అడుగు చిల్లర. అడుగు సందులోంచి నడుము ఉన్న మనిషి దిగలేడు. "నేను ఫ్లాట్ కొన్నప్పుడు నాది వ్యాగన్ఆర్" అన్నారాయన. వ్యాగన్ఆర్ 1,620. అంటే బండి మారడంతో దాదాపు అడుగు స్థలం ఆయనే తినేశారు, పార్కింగ్ గీత మాత్రం 2011లో గీసిందే. మారుతి 800 వెడల్పు 1,440 ఉండేది. ఆ రోజుల లెక్కలో గీసిన గీతల మధ్య ఇప్పటి ఎస్‌యూవీలు పడుకోబెట్టి, ఒకరినొకరు బుద్ధిలేనివాళ్ళని తిట్టుకుంటున్నాం. (ఆ గీత మీద నా యాజమాన్యం ఎంత అన్నది ఇంకో కథ. కింద స్టిల్ట్ పార్కింగ్ అందరి ఉమ్మడి స్థలం, బిల్డరు దాన్ని విడిగా అమ్మలేడని 2010లోనే సుప్రీంకోర్టు ఒక ముంబయి కేసులో చెప్పింది. నేను దానికి రెండున్నర లక్షలు ఇచ్చి కొన్నాననుకుంటున్నాను.)

తరచి చూస్తే ఆయన నా వైపు జరగడానికి కారణం పొగరు కాదు. ఆయన డ్రైవరు తలుపు పిల్లర్ వైపు ఉంది. పిల్లర్‌కి దగ్గరగా ఆపితే ఆయన దిగలేరు, అందుకని నా వైపు జరుగుతారు. నేను దిగలేక ఎన్నోసార్లు గేర్ రాడ్డు దాటి ఎడమవైపు నుంచి దిగాను. ఆ ఆదివారం తేలిందేమంటే, నేను ఎప్పట్లాగే ముక్కు లోపలికి పెట్టి ఎడమ పిల్లర్‌కి ఆనించాలి, ఆయన రివర్స్‌లో లోపలికి వచ్చి కుడి పిల్లర్‌కి ఆనించాలి. అప్పుడు ఇద్దరి డ్రైవరు తలుపులూ మధ్యలోకే వస్తాయి. పిల్లర్ల వైపు అద్దాలు మడిచి చెరో పన్నెండు సెంటీమీటర్లు వదిలినా మధ్యలో 83 మిగులుతుంది. ఇద్దరూ దిగొచ్చు, ఒకేసారి కాకపోతే చాలు. ఇంట్లోవాళ్ళని ముందే దింపేయాలి, అంతే. పైగా పొద్దున ఆయన ముక్కు ముందుకి పెట్టి నేరుగా బయటికి పోతారు, ఊగే మూల సమస్యే లేదు. రెండేళ్ళుగా పక్కపక్కన ఆపుతూ ఈ పది నిమిషాల పని మేం చేయలేదు.

కారు హూడిలో ఆయన మనిషి దగ్గర కాకుండా నా ఎస్టిమేట్ ఇచ్చినవాడి దగ్గరే చేయించాను. అంత నమ్మకం ఇంకా కుదరలేదు. రంగు బాగా కలిసింది. మధ్యాహ్నం ఎండలో పక్కకి నిలబడి చూస్తే మాత్రం తలుపు ఒక ఛాయ ఎక్కువ ఎర్రగా కనిపిస్తుంది. నంబరు కూడా మార్పించాను, ఇప్పుడు కేఏ 53. ఆ ట్యాక్స్ ముందు 11,400 చిల్లరలా అనిపించింది.

ఆయన ఆ ఆదివారమే ఫోన్ తీసి ఎనిమిది వేలు పంపారు. మిగతా 3,400 "వచ్చే నెల ఇస్తా బాబూ" అన్నారు. ఆ వచ్చే నెల వచ్చింది, పోయింది. దసరా, దీపావళి పోయాయి, సంక్రాంతికి వాళ్ళావిడ డబ్బా నిండా అరిసెలు పంపారు. మర్చిపోయారో, నేను పోనీలే అనుకున్నానని మళ్ళీ అనుకున్నారో తెలియదు. నిన్న లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. "ఏం బాబూ, ఏంటి విశేషాలు?" అన్నారు.

మూడో అంతస్తు వచ్చేసింది. ఆదివారం పదింటికి వెళ్ళి అడగాలి.